వాలి నిలిచిన చింతమాను కిందికి రంపం పట్టుకోని పోవద్దు తమ్ముడూ

పాకాల పక్కనుంచి ఒక తమ్ముడు రాసిన లెటర్ ఇది, కొంచెం పెద్దగా ఉంటే తగ్గించి పెడతా ఉండా.

“అన్నా నమస్తే. మేం నలుగురం ఫ్రెండ్స్, తిరుపతిలో ఉద్యోగాలు. ఆదివారం అయితే మా మామ వాళ్ళ తోటకి పోయి కట్టెలు కోస్తాం, అమ్మేదానికి కాదు, సరదాకే, ఇంట్లో నీళ్ళ పొయ్యికీ ఫంక్షన్ వంటలకీ పనికొస్తాయి. ఆన్‌లైన్‌లో 58 సీసీ చైన్ సా తీసుకున్నాం. పోయిన వానలకి గట్టు మీదుండే పెద్ద చింతమాను సగం వేర్లు పైకి లేచి పక్కనుండే మామిడిమాను మీదకి వాలి నిలిచిపోయింది. మామిడిమాను కొట్టేస్తే రెండూ పడతాయంటాడు ఒకడు, ట్రాక్టర్‌కి తాడు కట్టి లాగేద్దాం అంటాడు ఇంకొకడు, మూడోవాడు వీడియోలో చూసి గ్రైండర్‌కి చైన్ అటాచ్‌మెంట్ బిగించినాడు, అది తీసుకోని పైకెక్కి కొమ్మలు కోస్తాడంట. మా సాకి బ్రేక్ ఊరికూరికే పడిపోతా ఉంటే ముందరుండే గార్డు పీకేసినాం. నేను వద్దురా అంటే భయపడతా ఉండాడు అంటారు. మామేమో మా నాయన గొడ్డలితోనే ఎన్నో మాన్లు కొట్టినాడు ఏం కాదు పొండి అంటాడు. ఏం చెయ్యాల అన్నా? ఇంకో డౌటు, చైన్ తొందరగా మొద్దుబారిపోతా ఉంది, సాన ఎట్ల పట్టాల?”

తమ్ముడూ, ముందు సూటిగా చెప్పేస్తా. ఆ చింతమాను మీ నలుగురిలో ఎవరూ ముట్టుకోవద్దు. రోజూ చెట్లు కొట్టే వాళ్ళు కూడా ఇట్లాంటి మానుని చూస్తే ఒక పూట చుట్టూ తిరిగి చూసి మిషన్ పిలిపించుకుంటారు, ఎందుకంటే నువ్వు రాసిన మానులో రెండు ప్రమాదాలు కలిసి ఉండాయి, వేర్లు లేచిన మాను ఒకటి, ఇంకో మాను మీద ఇరుక్కున్నది ఒకటి, ఒక్కొక్కటే ప్రాణం తీసేదానికి చాలు.

బరువు లెక్క చెప్తా విను. రెండడుగుల లావు పదడుగుల పొడవు ఉండే ఒక్క మొద్దు తీసుకో, పచ్చి చింతని ఉట్టి నీళ్ళ బరువుతో లెక్కేసినా ఆ ఒక్క ముక్కే 850 కిలోల పైన తూగుతాది. అట్లాంటివి రెండు మూడు మొద్దులూ, పైన కొమ్మలూ ఆకులూ అన్నీ కలిపి ఇప్పుడు ఆ మామిడి కొమ్మల పంగలో ఆగి ఉండాయి. ఎంతసేపు ఆగతాయో ఎవురికీ తెలీదు, గాలి తోలినా, తడి మన్ను రవంత జారినా, కింద నువ్వు కొమ్మ ఒకటి కోసినా కదలొచ్చు.

ఇంక వేర్లు. మాను వాలినప్పుడు వేర్లతో పాటు మన్ను గోడ మాదిరి లేచి నిలబడుకోనుంటాది చూడు, దాని కింద గుంత పడి ఉంటాది. ఆ వేరుగడ్డ అట్ల లేచి ఉండేది పైన మాను బరువు లాగతా ఉండబట్టే. మాను మొదలు కాడ రంపం పెట్టి తెగ్గోసినావనుకో, లాగే బరువు పోతాది, వేరుగడ్డ మోడుతో సహా ఉన్నపళంగా దబీమని మళ్ళీ గుంతలోకి కూచుంటాది, కొన్నిసార్లు మోడు నిటారుగా లేచి నిలబడిపోతాది కూడా. కోసేవాడు మోడు పక్కనే ఉంటాడు, వాని కూడా పోయినవాడు ఫోను పట్టుకోని గుంతలో నిలబడి వీడియో తీస్తా ఉంటాడు. గుంతలో ఉండేవాడికి తప్పుకునేదానికి టైమే ఉండదు. తుఫాను తర్వాత చెట్లు కోసేటప్పుడు చనిపోయే తీరుల్లో ఇదొకటి, ఇది చానా మందికి తెలియని తీరు, అందుకే ఇంతసేపు చెప్తా ఉండా. మేకలు, పిల్లోళ్ళు కూడా ఆ గుంత పక్కకి పోకుండా ఈ రోజే మామకి ఫోన్ చేసి కంచె మాదిరి ఏదన్నా అడ్డం కట్టించు.

ఇప్పుడు నీ ఫ్రెండ్స్ ఐడియాలు ఒక్కొక్కటి చూద్దాం.

మామిడిమాను కొట్టేద్దాం అనేది అన్నిట్లోకీ చెడ్డ ఐడియా. మామిడిమాను ఇప్పుడు ఉత్తినే నిలబడుకోని లేదు, టన్నుల బరువు మోస్తా వంగి ఉండాది. రంపం ఒక పక్క లోపలికి దిగేసరికి నార తట్టుకోలేక మాను నిలువుగా చీలి వెనక్కి తన్నొచ్చు, లేదంటే రెండు మాన్లూ కలిసి ఒకేసారి దిగొచ్చు, కోసేవాడు ఉండేది సరిగ్గా ఆ రెంటి కిందనే. పక్కకి పరిగెత్తుదామన్నా ఏది ఎటు పోతాదో చూసుకునే సందు ఉండదు. మీద ఎక్కి కొమ్మలు కోసేది కూడా అంతే, నువ్వు తీసే కొమ్మే దాన్ని నిలబెట్టే కొమ్మ అయ్యుండొచ్చు.

ట్రాక్టర్ ఐడియాలో ఒక మంచి ఉండాది, మనిషి దూరంగా ఉంటాడు. కానీ మీ దగ్గరుండేది నైలాన్ తాడే అయ్యుంటాది, అది సాగతాది, సాగి తెగిందంటే తెగిన కొస వచ్చి తగిలితే కన్ను పోతాది, మనిషే పోవచ్చు. రెండోది తాడు ట్రాక్టర్‌కి ఎక్కడ కడతారు అనేది. కింద ట్రాలీ తగిలించే డ్రాబార్‌కి కాకుండా పైన టాప్ లింక్ (పనిముట్లు బిగించే పై రాడ్డు) కాడో సీటు వెనకాలో కట్టినారంటే మాను కదలకుండా మొరాయించినప్పుడు వెనక చక్రాలు ఆగిపోయి ముందర చక్రాలు గాల్లోకి లేస్తాయి, ట్రాక్టర్ డ్రైవర్ మీదకే వెనక్కి తిరగబడతాది, ఇది ఒకటి రెండు సెకన్లలో అయిపోతాది, క్లచ్ తొక్కే టైం కూడా దొరకదు. పైగా నీ చింతమాను వేర్లు సగం ఇంకా భూమిలోనే పట్టుకోని ఉండాయి. తడి గట్టు మీద ట్రాక్టర్‌తో ఆ పని వద్దు.

చెయ్యాల్సింది ఏందంటే జేసీబీ పిలిపించండి, ఉట్టి గుంతలు తీసే కుర్రోడు కాకుండా పాత తోటలు తీసేసిన అనుభవం ఉండే డ్రైవర్ని అడగండి, మన జిల్లాలో మామిడి తోటలు ఎక్కువ కాబట్టి అట్లాంటోళ్ళు ఊరికొకరు దొరుకుతారు. మిషన్ పక్కనుంచి వచ్చి చింతమానుని మామిడి పంగలోనుంచి తప్పించి పూర్తిగా నేల మీద పండబెట్టాల, అంతవరకు రంపం స్టార్ట్ చెయ్యొద్దు, మాను ఎత్తుకి రెండింతల దూరం లోపల మిషన్ డ్రైవర్ తప్ప మనిషనేవాడు ఉండకూడదు. నేల మీద పడినాక తల వైపునుంచి కోసుకుంటా రండి, కొమ్మల్లో కొన్ని కింద నేలకి ఒత్తుకోని విల్లు మాదిరి వంగి ఉంటాయి, వాటిని ఒక్క వేటుకి తెగ్గోస్తే ఎగిరి మొఖానికి కొడతాయి, ఒత్తుడు పడే లోపలి పక్క కొంచెం కొంచెంగా గీసి బిగువు తగ్గించి అప్పుడు కొయ్యాల. చివర్లో వేరుగడ్డకి ఐదారడుగుల మాను వదిలిపెట్టి, జేసీబీ బకెట్ వేరుగడ్డకి ఆనించి పట్టుకోనున్నప్పుడు మాత్రమే ఆ ఆఖరి కోత కొయ్యండి. లేదా ఆ ఆఖరి కోత అనుభవమున్న వాళ్ళకే వదిలేయండి, నాకైతే అదే మేలనిపిస్తాది. మిషన్ బాడుగ కట్టెల రేటు కన్నా ఎక్కువైనా పర్లేదు, ఇవ్వండి.

నువ్వు రాయలేదు గానీ గట్టు మీద మాను అంటే బోరుకి పోయే లైను పక్కనుంటాదేమో చూడు. కొమ్మ తీగకి తగిలున్నా, పడితే తగిలేటట్టున్నా లైన్‌మేన్ వచ్చి లైన్ క్లియర్ (లైనుకి కరెంటు ఆపించే అనుమతి) తీసుకునేవరకు జేసీబీ కూడా కదలకూడదు. త్రీ ఫేజ్ కరెంటు లేని టైం కదా అనుకోని దిగొద్దు, టైం మారొచ్చు, ఎవరో ఆన్ చెయ్యొచ్చు, పచ్చి మానూ తడి తాడూ కరెంటుని బాగా పారిస్తాయి. కరెంటోళ్ళ నంబరు 1912కి ఫోన్ చేస్తే కంప్లైంట్ రాసుకుంటారు.

గ్రైండర్ సంగతికి వస్తే, అది ఈ రోజే విప్పించెయ్. నాలుగంగుళాల గ్రైండర్ నిమిషానికి 11,000 చుట్ల దగ్గర తిరగతాది, దాన్ని రాయి తిప్పేదానికీ ఇనుము కోసేదానికీ చేసినారు. చైన్ సాలో వెనకొక పిడి ముందరొక పిడి, చెయ్యి ముందర గార్డు, సా వెనక్కి తన్నినప్పుడు చైన్ని నిలబెట్టే బ్రేక్, తెగిన చైన్ని పట్టుకునే కొక్కెం, వేలు తీస్తే ఆగిపోయే ట్రిగ్గర్, ఇవన్నీ ఎవరికో ఏదో తెగినాక ఒక్కొక్కటిగా పెట్టుకుంటా వచ్చినవి. గ్రైండర్ అటాచ్‌మెంట్‌లో ఇవేవీ లేవు, స్విచ్ ముందుకు తోసి లాక్ చేస్తే చేతిలోనుంచి జారి కింద పడినా తిరగతానే ఉంటాది. దాన్ని పట్టుకోని మాను ఎక్కి ఒక చేత్తో కొమ్మ పట్టుకోని ఇంకో చేత్తో కోస్తాడంటే నాకు రాస్తా ఉంటేనే కాళ్ళు వణకతా ఉండాయి. గార్డు తీసేసి చెక్క కోసే పళ్ళ బ్లేడు బిగించేది కూడా అంతే ప్రమాదం, పళ్ళు చెక్కలో పట్టుకున్నాయంటే గ్రైండర్ ఎగిరి పొట్ట మీదకో తొడ మీదకో వస్తాది. మీ వాడికి చేత్తో ఏదో ఒకటి విప్పి బిగించే ఇష్టముంటే మంచిదే, కట్టెలు పెట్టి కోసుకునేదానికి కత్తెర మాదిరి కాళ్ళుండే స్టాండ్ వెల్డింగ్ చెయ్యమను, మొద్దు నేలకి తగలకుండా నడుం ఎత్తులో ఉంటాది, పని సుళువు, చైన్ కూడా నిలుస్తాది.

మీ చైన్ సా బ్రేక్ మాటకి వద్దాం. ఆ ముందరుండే నల్ల గార్డు చేతికి దుమ్ము తగలకుండా పెట్టిందని చానా మంది అనుకుంటారు. బార్ (చైన్ చుట్టూ తిరిగే పొడుగు పలక) కొసలో పై సగం దేనికన్నా తగిలిందంటే సా అదాటుగా పైకి, నీ మొఖం వైపుకి ఎగరతాది. ఫుల్ రేస్‌లో చైన్ సెకనుకి 20 మీటర్ల దాకా పరిగెత్తతా ఉంటాది, అప్పుడు నీ ఎడం మణికట్టు ఆ గార్డుకి తగిలో, లేదా ఆ ఊపుకే అది ముందుకు పడో చైన్ అక్కడికక్కడే ఆగిపోతాది. అది లేకుండా కొయ్యనే కొయ్యొద్దు. ఊరికూరికే పడిపోతా ఉందంటే దానికి కారణం ఉంటాది, పక్క కవర్ విప్పి చూడండి, క్లచ్ చుట్టూ చెక్కపొట్టూ ఆయిలూ కలిసి గట్టిగా ముద్ద కట్టి ఉంటాది, పాత బ్రష్‌తో అంతా తీసి, స్ప్రింగూ బ్రేకు పట్టీ అరిగినాయేమో చూడండి, అరిగుంటే పట్టీ కొత్తది వెయ్యండి. ఒక సంగతి గుర్తు పెట్టుకోండి, మీ మాదిరి మిషన్లలో చానా వరకు బ్రేకు పట్టీ కవర్‌లోనే ఉంటాది, బ్రేక్ పడున్నప్పుడు కవర్ పీకినారంటే పట్టీ బిగుసుకుపోయి తిరిగి క్లచ్ మీద కూచోదు, అప్పుడు ఇది చెడిపోయింది అనుకోని గార్డు విసిరేస్తారు. కవర్ విప్పే ముందే గార్డు వెనక్కి లాగి బ్రేక్ వదలాల, అంతే. మళ్ళీ బిగించినాక నేల మీద పెట్టి రేస్ ఇస్తా మణికట్టుతో గార్డు ముందుకు తొయ్యి, చైన్ టక్కున నిలవాల. నిలవకపోతే మెకానిక్ కాడికి. వేలు తీసి ఐడిల్‌లో పెట్టినాక కూడా చైన్ మెల్లగా తిరగతా ఉంటే టి అని రాసుండే స్క్రూ కొంచెం కొంచెం తిప్పి తగ్గించండి, దాని పక్కనుండే రెండు స్క్రూలతో ఆడుకోవద్దు, పెట్రోల్ మిక్స్ తప్పి ఇంజన్ పట్టేస్తాది. ఆయిల్ లీటరుకి ఎంతనేది మిషన్ పుస్తకంలో ఉండేదే పట్టుకోండి, 25కి 1 అంటే లీటరుకి 40 మిల్లీ, 50కి 1 అంటే 20 మిల్లీ. చైన్‌కి వాడేసిన ఇంజన్ ఆయిల్ పొయ్యొద్దు, ఇనుప పొడి ఉంటాది పంపు మూసుకుపోతాది, చేతికీ మంచిది కాదు. సా వేడిగా ఉన్నప్పుడు పెట్రోల్ పొయ్యొద్దు, పోసిన చోటే స్టార్ట్ చెయ్యొద్దు, పదడుగుల దూరం పక్కకి పోండి.

మీ మామ చెప్పిన మాట ఉంది చూడు, మా నాయన గొడ్డలితోనే కొట్టినాడు అని, అది నిజమే, ఆ పెద్దాయన పద్ధతి మీరు నిజంగా చూసుంటే మీ వాళ్ళే ఆగేవాళ్ళు. ముందు పైకెక్కి కొమ్మలు దించి బరువు తగ్గించేవాళ్ళు, మోకు కట్టి పడాల్సిన దిక్కున పది మంది దూరంగా నిలబడేవాళ్ళు, ఒక్కో వేటుకీ ఆగి మాను వంక చూసేవాళ్ళు. గొడ్డలి వేటుకీ వేటుకీ మధ్యలో నార టిక్కు టిక్కుమని తెగే చప్పుడు వినిపిస్తాది, అది విన్న వెంటనే తప్పుకునేవాళ్ళు. చైన్ సాతో ఆ చప్పుడు వినపడదు, ఇంజన్ మోతలో పోతాది, గొడ్డలితో అరగంట పట్టే కోత నలబై సెకన్లలో దాటేస్తావు. అందుకే సా పట్టుకున్నోడు పెద్దాయన కన్నా ఎక్కువ సేపు ముందే చూసుకోవాల. ఇదే మాట మామకి చెప్పు, వాళ్ళ నాయన్ని తక్కువ చేసినట్టు కాకుండా.

నిలబడుండే చిన్న మాన్లు, జానెడు లావువి, కొట్టాలనుకుంటే సా స్టార్ట్ చేసే ముందు దూరం పోయి రెండు పక్కలనుంచి చూడండి, ఎటు వాలి ఉంది, పైన ఎండిన కొమ్మ ఏదన్నా ఇరుక్కోనుందా, తేనెపట్టు ఉందా, పడే దిక్కుకి వెనకాల రెండు పక్కలా ఏటవాలుగా పారిపోయే దోవ శుభ్రం చేసినామా. పడాల్సిన పక్క ముందర కోత, లావులో నాలుగో వంతుకి మూడో వంతుకి మధ్యన, బాగా తెరుచుకున్న మూలగా తియ్యాల, తర్వాత వెనక కోత దానికన్నా కొంచెం ఎత్తులో. రెండింటి మధ్య లావులో పదో వంతు పట్టీ తెంపకుండా వదలాల, తలుపుకి మడతబందు మాదిరి అదే మానుని పట్టుకోని మెల్లగా దించుతాది, దాన్ని కూడా కోసేస్తే మాను ఇష్టమొచ్చిన దిక్కుకి తిరగతాది. బాగా వాలిన మానుకి ఈ కోత సరిపోదు, వెనక కోత సగంలో ఉన్నప్పుడే నిలువుగా చీలి మొదలు నీ గడ్డం కాడికి లేస్తాది, అట్లాంటివి వదిలేయండి. చింతల్లో లోపల పుచ్చిపోయి డొల్ల అయిన మాన్లు ఎక్కువ, గొడ్డలి వెనక్కి తిప్పి కొట్టి చూడు, బోలుగా మోగితే దాన్నీ వదిలెయ్. నిజానికి మీ సరదాకి నిలబడిన మాన్లు అక్కర్లేదు, మామిడి తోటలు తీసేసిన చోట దుంగలు నేల మీదే ఉంటాయి, అవి కొనుక్కోని కోసుకున్నా నెలంతా పనే. మామిడి పాలు చర్మానికి పడితే బొబ్బలొస్తాయి కొందరికి, పూర్తి చేతుల చొక్కా వేసుకోండి, లుంగీ హవాయి చెప్పులు వద్దు, కళ్ళద్దాలూ సేఫ్టీ షూ తిరుపతి హార్డ్‌వేర్ షాపుల్లోనే దొరుకుతాయి.

పర్మిషన్ సంగతి చిన్నగా. 2002లో వాల్టా చట్టం (నీళ్ళు, నేల, చెట్లని కాపాడే చట్టం) వచ్చినాక సొంత పొలంలో చెట్టు కూడా కొట్టే ముందు అడగాల్సింది ఉంటాది, మీ మానుకి అవసరమా కాదా ఫారెస్ట్ రేంజ్ ఆఫీసులో ఒకసారి అడిగి పోండి, బండిలో కట్టెలు తోలేటప్పుడు కూడా కాగితం అడుగుతారు. ఎర్రచందనం మాత్రం పట్టా పొలంలో మొలిచిందైనా, గాలికి పడిందైనా చెయ్యి పెట్టొద్దు.

భయపడతా ఉండాడు అన్నారని రాసినావు. నలుగురిలో ఒక్కడు వద్దంటే ఆ రోజుకి ఆ మాను ఆగాల, కారణం అడగొచ్చు గానీ ఎగతాళి చెయ్యకూడదు అని ముందే అనుకోండి, ఇంట్లో టీ తాగతా ఉన్నప్పుడే అనుకోండి, తోటలో సా మోగతా ఉన్నప్పుడు ఎవరూ వినరు. ఒప్పుకోకపోతే నువ్వు సా పెట్రోల్ కొనియ్యొద్దు, బండి తియ్యొద్దు. వాళ్ళతో ఉట్టినే వాదించేకన్నా ఆ వేరుగడ్డ సంగతి, ట్రాక్టర్ డ్రాబార్ సంగతి అట్లనే చదివి వినిపించు, తెలియక అంటా ఉండారు గానీ నీ మీద పగ ఏం లేదు వాళ్ళకి. ఒకడు కోస్తా ఉంటే ఇంకొకడు దూరంగా విజిల్ పెట్టుకోని పైకే చూస్తా ఉండాల, కోసేవాడి వెనకనుంచి వచ్చి భుజం మీద చెయ్యి వెయ్యకూడదు. ఒక్కడే ఎప్పుడూ పోవద్దు. తోటకి దోవ ఎట్ల రావాలో 108కి చెప్పగలిగేటట్టు దగ్గర్లో గుడో స్కూలో గుర్తు పెట్టుకోండి.

చైన్ మొద్దుబారే డౌటు. పదునుగా ఉంటే చెక్క పెళుసు పెళుసుగా చిప్స్ మాదిరి రాలతాది, పిండి మాదిరి పొడి రాలి పొగ వస్తా ఉంటే మొద్దుబారిందని. వానలకి పడిన మానుకి బెరడంతా మన్నుంటాది, కింద నేలకి తగిలిందంటే ఒక్క సెకనుకే పదును పోతాది, కాబట్టి బెరడు మన్ను ముందు చీపురుతో దులపండి, మొద్దు కింద కట్టె పెట్టి ఎత్తండి. సాన పట్టేదానికి గుండ్రటి ఆకురాయి కావాల, మీ బార్ మీద .325 అని రాసుంటే 4.8 మిల్లీమీటర్లది. ఇంజన్ ఆపి, గ్లవ్స్ వేసుకోని, పంటి మీద గీసుండే గీతకి సమానంగా, దాదాపు 30 డిగ్రీలు, లోపలినుంచి బయటికి ఒకే దిక్కుకి తొయ్యాల, వెనక్కి లాగేటప్పుడు ఎత్తి తియ్యాల, ఒక్కో పంటికి ఎన్నిసార్లు తోస్తే అన్నిటికీ అన్నిసార్లే, ముందు ఒక పక్క పళ్ళన్నీ, తర్వాత సా తిప్పి రెండో పక్క. నాలుగైదు సార్లు సాన పట్టినాక పంటి ముందరుండే చిన్న బొడిపె ఎత్తు చూడండి, అది పంటి కన్నా 0.65 మిల్లీమీటర్లు దిగువకి ఉండాల, చదును ఆకురాయితో తగ్గించొచ్చు గానీ ఎక్కువ తగ్గిస్తే సా తన్నేది ఎక్కువైపోతాది. ఇంత చేసినా కోత ఒక పక్కకే వంకరగా పోతా ఉంటే ఎడం పళ్ళూ కుడి పళ్ళూ ఒక సైజులో లేవని అర్థం, అన్నిట్లోకీ పొట్టిగా ఉండే పంటిని చూసి మిగతావన్నీ దానికి సమానం చెయ్యండి, అంత ఓపిక లేదంటే కొత్త చైన్ వేసుకోండి.